నీళ్ళతో కలిపి, కరెంటు విడిగా

మా అక్క కూతురు చదువుకోడానికి కెనడాలోని బ్రాంప్టన్ వెళ్ళే ముందు, కనబడిన అద్దె గది ప్రకటననల్లా నాకు వాట్సాప్‌లో పంపేది. ఒకరోజు రాత్రి పదిన్నరకు ఫోన్ చేసింది. "పిన్నీ, ఇది చూడు. హీట్, వాటర్ ఇంక్లూడెడ్ అని రాశారు. కిందేమో హైడ్రో ఎక్స్‌ట్రా అన్నారు. హైడ్రో అంటే నీళ్ళే కదా? ఇంతకీ నీళ్ళు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?"

బీటెక్ చదివిన పిల్ల. హైడ్రో అంటే నీళ్ళని దానికి బడిలోనే తెలుసు. ఆ తెలిసిన అర్థమే అక్కడ అడ్డం పడింది. ఒంటారియోలో హైడ్రో అంటే కరెంటు. 1906లో ఆ రాష్ట్ర ప్రభుత్వం హైడ్రో ఎలక్ట్రిక్ పవర్ కమిషన్ అనే సంస్థను పెట్టి, నయాగరా జలపాతం దగ్గర పుట్టిన కరెంటును ఊరూరికీ అందించింది. అంత పొడుగు పేరు ఎవరి నోట నిలుస్తుంది? మొదటి ముక్క ఒక్కటే మిగిలింది. ఇవాళ అక్కడి కరెంటులో సుమారు సగం అణు విద్యుత్ కేంద్రాల నుంచి వస్తోంది. అయినా నెలనెలా వచ్చేది హైడ్రో బిల్లే. వీధిలో ఉన్నది హైడ్రో స్తంభమే. క్విబెక్‌లో, మానిటోబాలో, బ్రిటిష్ కొలంబియాలో కరెంటు సంస్థల పేర్లలో ఇప్పటికీ హైడ్రో ఉంది. సరిహద్దు దాటి న్యూయార్క్ రాష్ట్రంలోకి అడుగుపెడితే అదే ఖర్చు యుటిలిటీస్‌లో కలిసిపోతుంది. లండన్‌లో బిల్స్ అంటారు.

ఆ ఫోన్ తర్వాత నేను ఈ మాటల వెంట పడ్డాను. అద్దెలోనే సేవలు కూడా కలిసి వచ్చే ఇంటికి ఇంగ్లిష్ మాట్లాడే ఒక్కో చోట ఒక్కో పేరు ఎందుకుంది? సర్వీస్డ్ అపార్ట్‌మెంట్, అపార్ట్‌హోటల్, ఎక్స్‌టెండెడ్ స్టే, కార్పొరేట్ హౌసింగ్, రెసిడెన్షియల్ హోటల్, బెడ్‌సిట్, డిగ్స్, పీజీ, షార్ట్‌లెట్. వీటిని లిఫ్టు, ఎలివేటరు లాంటి జంటలుగా చూసి, బ్రిటిష్ వాళ్ళ అలవాటు ఒకటి, అమెరికా వాళ్ళ అలవాటు ఇంకొకటి అని సరిపెట్టడం మామూలు. లిఫ్టును ఏ పేరుతో పిలిచినా అది పైకీ కిందికీ వెళ్తుంది. ఇక్కడ అలా కాదు. పేరు మారితే లోపల దొరికేది మారుతుంది, ఉండేవాడి హక్కు మారుతుంది, కట్టే పన్ను మారుతుంది. ఆ ఊళ్ళో మామూలు ఇంటికి ఏది కరువో, ఆ ఊరి చట్టం ఎక్కడ గీత గీసి ఇటు ఇల్లు, అటు హోటల్ అందో, ఆ రెండూ కలిసి ఈ పేర్లను పుట్టించాయని నాకు రూఢిగా అనిపిస్తోంది.

న్యూయార్క్‌లో ఆ గీత వంటింటి మీదుగా పడింది. 1901లో అక్కడ టెనెమెంట్ హౌస్ చట్టం వచ్చింది. వెలుతురు సోకని గదుల్లో కిక్కిరిసి బతుకుతున్న కూలి కుటుంబాల కోసం తెచ్చిన మంచి చట్టం. పెరటికి ఇంత జాగా వదలాలి, గదికి కిటికీ ఉండాలి, మంటలంటుకుంటే బయటపడే దారి ఉండాలి అని గట్టిగా చెప్పింది. మరి టెనెమెంట్ అంటే ఏది? మూడు గాని అంతకంటే ఎక్కువ గాని కుటుంబాలు విడివిడిగా కాపురం ఉంటూ, అక్కడే వంట చేసుకునే ఇల్లు అని నిర్వచించింది. బిల్డర్లకు ఆ "అక్కడే వంట" అన్న మాట చాలింది. వంటిల్లు తీసేస్తే అది టెనెమెంట్ కాదు, హోటల్. హోటల్ అయితే ఇంకా ఎత్తుగా లేపవచ్చు, స్థలంలో ఇంకా ఎక్కువ భాగం కట్టేయవచ్చు. అలా ఆ దశాబ్దంలో నగరమంతా అపార్ట్‌మెంట్ హోటళ్ళు లేచాయి. హాలు, పడకగది, స్నానాలగది మనవి. భోజనం కింద డైనింగ్ హాల్లో. పక్క దులిపి దుప్పటి మార్చడానికి, బట్టలు ఉతకడానికి మనుషులుంటారు. పనివాళ్ళను విడిగా పెట్టుకోలేని మధ్యతరగతికి, పెళ్ళి చేసుకోకుండా ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు, ముసలి దంపతులకు అది నిజంగా సుఖమైన ఏర్పాటు.

ఆ కాలపు కట్టడాల్లో బ్రాడ్వే మీద 73, 74 వీధుల మధ్య ఉన్న అన్సోనియాను దగ్గరగా చూడాలి. విలియం ఎర్ల్ డాడ్జ్ స్టోక్స్ అనే ధనవంతుడు కట్టించాడు, 1904లో పూర్తయింది. అందులో వంటిల్లున్న పెద్ద వాటాలూ ఉన్నాయి, వంటిల్లు లేని చిన్న వాటాలూ ఉన్నాయి. స్టోక్స్ మేడ మీద ఏకంగా ఒక పశువుల దొడ్డి పెట్టాడు. వందల కోళ్ళు, బాతులు, మేకలు. పొద్దున్నే తాజా గుడ్లు పట్టుకుని కుర్రాడు అద్దె వాటాల తలుపు తట్టేవాడు. 1907లో నగర ఆరోగ్య శాఖ వచ్చి దాన్ని మూయించింది. సేవలతో కలిపి ఇల్లు అనే ఊహ ఎంత దూరం పోగలదో ఆ గుడ్ల బుట్ట చెబుతుంది. అద్దెలో గుడ్లు కూడా కలిశాయి.

1920ల్లో కట్టిన వాటిలో సర్వింగ్ ప్యాంట్రీ అని చిన్న అర పెట్టేవాళ్ళు. కాగితం మీద అది కింది వంటశాల నుంచి వచ్చిన పళ్ళాలను సర్దుకునే చోటు. మనిషన్నవాడు అందులో పొయ్యి పెట్టుకోకుండా ఉంటాడా? చాలామంది దొంగచాటుగా వండుకున్నారు. చివరికి 1929లో వచ్చిన మల్టిపుల్ డ్వెల్లింగ్ చట్టం వీటిని కూడా నివాస భవనాల లెక్కలోకి తెచ్చింది, ఎత్తు కట్టడానికి అందరికీ దారి ఇచ్చింది. దాంతో అపార్ట్‌మెంట్ హోటల్ అనే పేరు కట్టడానికి బిల్డరుకు ఉన్న లాభం పోయింది. తర్వాత్తర్వాత ఆ మాటే పాతబడింది.

టెనెమెంట్ గురించి ఒక మాట. న్యూయార్క్‌లో ఆ మాట అంటే మురికివాడ. అందుకే డబ్బున్నవాడు దానికి ఆమడ దూరంలో ఉన్నాడు. గ్లాస్గోలో, ఎడిన్‌బరోలో టెనెమెంట్ అంటే రాతితో కట్టిన మూడు నాలుగంతస్తుల మేడ. అందులో డాక్టరూ ఉంటాడు, ప్రొఫెసరూ ఉంటాడు. స్కాట్లాండ్‌లో 2004లో ఉమ్మడి మెట్లు, పైకప్పుల మరమ్మతుల కోసం చేసిన చట్టం పేరే టెనెమెంట్స్ చట్టం. అక్కడ ఆ మాట పలకడానికి ఎవరూ సిగ్గుపడరు.

అమెరికాలో ఈ అపార్ట్‌మెంట్ హోటల్ ఏర్పాటుకే పేదవాళ్ళ రూపం ఒకటుండేది. దాని కథ నన్ను బాధపెడుతుంది. వారానికో నెలకో అద్దె, ఒక్క గది, వరండా చివర ఉమ్మడి స్నానాలగది. రేవు కూలీలు, ఓడ పనివాళ్ళు, పింఛను మీద బతికే ఒంటరి మగవాళ్ళు ఏళ్ళ తరబడి వాటిలోనే ఉండేవాళ్ళు. దీన్ని శాన్ ఫ్రాన్సిస్కోలో రెసిడెన్షియల్ హోటల్ అంటారు. న్యూయార్క్‌లో ఎస్ఆర్ఓ, అంటే సింగిల్ రూమ్ ఆక్యుపెన్సీ. మొదటి పేరు ఆ చోటును నివాసమని ఒప్పుకుంటుంది. రెండోది జనాభా లెక్కల కాగితంలో నుంచి వచ్చిన మాటలా ఉంటుంది, మనిషి వాసన ఉండదు. న్యూయార్క్ నగరం 1955లో అలాంటి కొత్త గదులు కట్టడాన్ని నిషేధించింది. ఉన్నవాటిని ఖరీదైన ఫ్లాట్లుగా మార్చేవాళ్ళకు 1970ల్లో పన్ను రాయితీలు కూడా ఇచ్చింది. ఆ గదులు పోయాక ఆ మనుషులు ఎక్కడికి పోయారన్నది 1980ల్లో ఆ నగరం ఫుట్‌పాత్‌ల మీద కనిపించింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంటర్నేషనల్ హోటల్ అనే భవనంలో ముసలి ఫిలిపినో కార్మికులు ఉండేవాళ్ళు. జీవితమంతా పొలాల్లో, వంటశాలల్లో పనిచేసినవాళ్ళు. వాళ్ళను ఖాళీ చేయించవద్దని వేలమంది చేతులు పట్టుకుని భవనం చుట్టూ నిలబడ్డారు. 1977 ఆగస్టు 4 తెల్లవారుజామున పోలీసులు ఆ వరసలను ఛేదించుకుని లోపలికి వెళ్ళి వాళ్ళను వెళ్ళగొట్టారు. పేరులో హోటల్ అని ఉంది. వాళ్ళకు అది ఇల్లు.

హోటల్ అన్న పేరును మనిషికి వ్యతిరేకంగా వాడిన తీరు కాలిఫోర్నియాలో ఇంకొకటుంది. అక్కడ ఎవరైనా ఒక చోట 30 రోజులు దాటి ఉంటే అద్దెదారు హక్కులు వస్తాయి. ఆ తర్వాత కోర్టుకు వెళ్ళకుండా ఖాళీ చేయించలేరు. అందుకని కొన్ని హోటళ్ళ వాళ్ళు ఇరవై ఎనిమిదో రోజు రాగానే సామాను సర్దించి, ఒకటి రెండు రోజులు బయటికి పంపి, మళ్ళీ కొత్త అతిథిగా చేర్చుకునేవాళ్ళు. దీనికి జనం పెట్టిన పేరు ట్వెంటీ ఎయిట్ డే షఫుల్, ఇరవై ఎనిమిది రోజుల తిప్పుడు. ఆ రాష్ట్రం ప్రత్యేకంగా చట్టంలో సెక్షన్ రాసి దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

డబ్బున్న వైపు చూస్తే, 1975లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో జాక్ డిబోర్ అనే అపార్ట్‌మెంట్ల బిల్డర్ రెసిడెన్స్ ఇన్ మొదలుపెట్టాడు. ఆఫీసు పని మీద వారాల తరబడి పరాయి ఊళ్ళో ఉండేవాడికి మంచం ఒక్కటీ చాలదని, పొయ్యి, ఫ్రిజ్, కూర్చోడానికి సోఫా కావాలని ఆయనకు తట్టింది. 1987లో మారియట్ దాన్ని కొనేసింది. అమెరికాలో ఎక్స్‌టెండెడ్ స్టే అనే మాట స్థిరపడింది ఈ దారిలోనే. 1995లో ఆ మాటనే పేరుగా పెట్టుకుని ఒక గొలుసు సంస్థ కూడా వచ్చింది. కంపెనీ తన ఉద్యోగి కోసం నెలల లెక్కన తీసుకునే సామానున్న అపార్ట్‌మెంటైతే కార్పొరేట్ హౌసింగ్. మనవాళ్ళు ఆన్‌సైట్‌కు వెళ్ళి మొదటి రెండు మూడు వారాలు గడిపేది సాధారణంగా ఈ రెండింట్లోనే. అన్నం వండుకునే వీలుంటే చాలు, మిగతాది ఎలా ఉన్నా సర్దుకుంటారు. కన్సల్టెన్సీల తరఫున వెళ్ళి ప్రాజెక్టు కోసం ఎదురుచూసే పిల్లలకు మాత్రం ఇవేవీ కావు. వాళ్ళది గెస్ట్‌హౌస్. ఇద్దరుండే పడకగదిలో నలుగురు, హాల్లో ఇంకో ముగ్గురు, వారం వారం వంట వంతులు. అమెరికా ఇంగ్లిష్‌లో గెస్ట్‌హౌస్ అంటే తోట మధ్యలో చుట్టాల కోసం కట్టిన చిన్న ఇల్లు. ఆ మాటకు ఈ కొత్త అర్థం ఇచ్చింది న్యూజెర్సీలో, డాలస్‌లో మన పిల్లలు గడిపిన రోజులే.

లండన్ కథ ఇంకో రకం. అక్కడ మొదట వచ్చిన మాట సర్వీస్ ఫ్లాట్. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇంట్లో ఉండి పనిచేసే పనిమనుషులు దొరకడం కష్టమైపోయింది. ఆడపిల్లలు ఫ్యాక్టరీలకు, దుకాణాలకు, ఆఫీసులకు వెళ్ళిపోయారు. మేడమెట్ల కింద వంటశాల, పైన ఇరుకు గదిలో పనమ్మాయి అనే పాత కాపురం నడవదని తెలిసిపోయింది. అప్పుడు పనిమనుషుల్ని భవనమే పంచిపెట్టే ఏర్పాటు వచ్చింది. 1934లో హ్యాంప్‌స్టెడ్‌లో తెరిచిన లాన్ రోడ్ ఫ్లాట్స్ దీనికి నిండైన ఉదాహరణ. జాక్, మాలీ ప్రిచర్డ్ దంపతులు కట్టించారు, వెల్స్ కోట్స్ రూపకల్పన చేశాడు. తెల్లటి కాంక్రీటు, ఓడ డెక్కుల్లాంటి పొడుగు వరండాలు. ఒక్కో ఫ్లాట్‌లో వంటకు చిన్న గూడు. అసలు వంటశాల కిందే ఉండేది. అక్కడి నుంచి భోజనం చేదబావి బొక్కెనలా తాడు మీద పైకి వచ్చే చిన్న లిఫ్టులో చేరేది. పక్క సర్దడం, బట్టలు ఉతికించడం, బూట్లు తుడవడం కూడా ఏర్పాటులో ఉండేవి. జర్మనీ విడిచి వచ్చిన ఆర్కిటెక్టులు వాల్టర్ గ్రోపియస్, మార్సెల్ బ్రాయర్ అక్కడున్నారు. యుద్ధకాలంలో అగాథా క్రిస్టీ చాలా ఏళ్ళు ఉంది. 1937లో కింది వంటశాలను ఐసోబార్ అనే క్లబ్బుగా మార్చారు. అదే ఏడు పిమ్లికోలో వెయ్యికి పైగా ఫ్లాట్లతో డాల్ఫిన్ స్క్వేర్ వచ్చింది.

అంటే న్యూయార్క్‌లో చట్టం వంటింటిని తీసేసింది, లండన్‌లో వంటమనిషి దొరక్క వంటిల్లు చిన్నదైంది. దొరికిన ఇల్లు దాదాపు ఒకటే. ఒకచోట అది హోటల్ వైపు నుంచి పేరు తెచ్చుకుంది, రెండోచోట ఫ్లాట్ వైపు నుంచి.

ఈ సర్వీస్ ఫ్లాట్ అన్న మాటను ఇంతసేపు చెప్పడానికి ఇంకో కారణముంది. మనం సర్వీస్ అపార్ట్‌మెంట్ అంటాం. బోర్డుల మీద అలాగే రాస్తాం. సర్వీస్డ్ అనాలి, చివరి డకారం మింగేశారు, అది ఇండియన్ ఇంగ్లిష్ తప్పు అని దిద్దేవాళ్ళను చూశాను. లండన్ వాళ్ళే వందేళ్ళ క్రితం డకారం లేకుండా సర్వీస్ ఫ్లాట్ అన్నారు. మన మాట అచ్చంగా ఆ అచ్చులోనే ఉంది. మలేషియాలో, థాయ్‌లాండ్‌లో కూడా ఈ డకారం లేని రూపం బాగా వినిపిస్తుంది. దీన్ని తప్పని దిద్దడం నాకు న్యాయంగా తోచదు.

ఈ ఫ్లాట్ అన్న మాట సముద్రం దాటి బ్రెజిల్‌కు వెళ్ళింది. సావో పాలోలో పోర్చుగీసు మాట్లాడేవాళ్ళు ఫ్లాట్ అంటే మామూలు వాటా అనుకోరు, రిసెప్షను, రోజూ గది శుభ్రం చేసే మనుషులు ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్ అనుకుంటారు. స్పెయిన్ సముద్రతీరాల్లో సెలవులు గడిపిన బ్రిటిష్ వాళ్ళకు అపార్ట్‌హోటల్ అలవాటైంది, ఇప్పుడది లండన్ బోర్డుల మీదే ఉంది.

వంటిల్లు తర్వాత చట్టం పట్టుకున్నది రోజుల లెక్క. హాంకాంగ్‌లో 28 రోజుల కంటే తక్కువకు గది ఇస్తే హోటల్ లేదా గెస్ట్‌హౌస్ లైసెన్సు కావాలి. అందుకే అక్కడి సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు చాలావరకు నెల లెక్కనే మాట్లాడతాయి. బ్రిటన్‌లో హోటల్లో వరుసగా 28 రోజులు దాటి ఉంటే ఆ తర్వాతి రోజులకు వ్యాట్ లెక్క తగ్గుతుంది. లండన్‌లో మామూలు ఇంటిని ఏడాదిలో 90 రాత్రులకు మించి పొట్టి అద్దెలకు ఇవ్వాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి, 2015 నుంచి ఇది రూలు. సింగపూర్‌లో ప్రైవేటు ఇంటిని కనీసం మూడు నెలలకు ఇవ్వాలి, సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌ను కనీసం ఏడు రోజులకు ఇవ్వాలి. మూడు నెలలు అక్కర్లేనివాడికి, మూడు రాత్రులు చాలనివాడికి మధ్య సందు అది. 1984లో పుట్టిన ఆస్కాట్ సంస్థ నడిచేది ఆ సందులోనే. వాళ్ళు ఎంచుకున్న మాట సర్వీస్డ్ రెసిడెన్స్.

జలసంధి దాటి మలేషియాలో దిగితే అదే మాట ఇంకో అర్థం చెబుతుంది. కౌలాలంపూర్‌లో సర్వీస్ అపార్ట్‌మెంట్ అంటే చాలాసార్లు మామూలు సొంత ఫ్లాటే. దులిపే మనిషి రాడు, దుప్పటి మార్చరు. ఆ స్థలం పత్రాల్లో నివాస భూమి అని గాక వాణిజ్య భూమి అని ఉంటుంది, తేడా అక్కడుంది. వాణిజ్య భూమిలో ఎక్కువ వాటాలు కట్టనిస్తారు కాబట్టి బిల్డర్లు ఆ దారి పట్టారు. పన్నులు, నీళ్ళ రేట్లు, కరెంటు రేట్లు వాణిజ్య లెక్కలో పడే అవకాశం కొనేవాడికి మిగులుతుంది. ఆ మాట సింగపూర్‌లో ఉండే పద్ధతిని చెబుతుంది, ఎదుటి ఒడ్డున మలేషియా ఊరు జొహోర్ బారులో నేల పత్రాన్ని చెబుతుంది. రెండు ఊళ్ళ మధ్య ఉన్నది కిలోమీటరు పొడవున్న కట్ట. అక్కడ ఐటీ ఉద్యోగాలు చేస్తూ అటూ ఇటూ ఇళ్ళు చూసుకునే తెలుగువాళ్ళు ఈ తేడా తెలిసి ఉండడం మంచిది.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసింది లాగోస్. నైజీరియాలో సర్వీస్డ్ ఫ్లాట్ అని ప్రకటన చూస్తే అక్కడివాడు ముందు అడిగేది కరెంటు ఎన్ని గంటలని. ప్రభుత్వ కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో, భవనానికంతా పెద్ద జనరేటరు, దానికి డీజిలు, బోరు నీళ్ళను శుద్ధిచేసే ఏర్పాటు, గేటు దగ్గర కాపలా. ఇవీ సేవలు. వీటికోసం కట్టే సర్వీస్ ఛార్జి ఒక్కోసారి అద్దెకు దీటుగా ఉంటుంది. గది తుడవడం, దుప్పట్లు ఎవరూ లెక్కలోకే తీసుకోరు. లండన్‌వాడు ఆ ప్రకటన చూసి హోటల్ లాంటిదనుకుంటాడు. లాగోస్‌వాడు లండన్ ప్రకటన చూసి, కరెంటు ఉందని చెప్పుకోవడం దేనికని ఆశ్చర్యపోతాడు. లండన్‌వాడు అనుకునే పొట్టి రోజుల సామానున్న ఇంటికి లాగోస్‌లో షార్ట్‌లెట్ అని వేరే మాట ఉంది. స్నానాలగది, పొయ్యిగట్టు తనకే ఉన్న ఒంటిగదికి సెల్ఫ్ కంటైన్ అంటారు, చివర డకారం ఉండదు.

ఆ సెల్ఫ్ కంటైన్డ్ అన్న మాట ఆస్ట్రేలియాలో సెలవు బసకు వాడితే వంటిల్లు ఉందని అర్థం. బ్రిటన్‌లో వాడితే స్నానాలగది, తలుపు ఇంకెవరితోనూ పంచుకోనక్కర్లేదని. బెడ్‌సిట్‌దీ ఇదే తీరు. ఇంగ్లండ్‌లో బెడ్‌సిట్ అంటే మంచం, కుర్చీ, మూలన గ్యాసు పొయ్యి, మెట్ల మలుపులో అందరిదీ ఒకే స్నానాలగది. గోడకు మీటరు ఉండేది, నాణెం వేస్తేనే గ్యాసు. చలికాలం రాత్రి నాణెం అయిపోతే చలి లోపలికి వచ్చేది. బిల్స్ ఇంక్లూడెడ్ అన్న రెండు మాటలకు ఆ దేశంలో అంత బరువు ఎందుకుందో ఆ మీటరు తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. కెన్యాలో బెడ్‌సిటర్ అంటే స్నానాలగది లోపలే ఉన్న ఒంటిగది, నైరోబీలో ఉద్యోగం మొదలుపెట్టిన కుర్రాడికి అది గౌరవమైన మెట్టు. ఐర్లండ్‌లో డిగ్స్ ఉంది. ఇంటివాళ్ళతో పాటే ఉంటూ, సాయంత్రం వాళ్ళు వండింది తింటూ, చాలాచోట్ల సోమవారం నుంచి శుక్రవారం దాకానే ఉండే విద్యార్థి గది. అక్కడ ఇంటివాళ్ళకు ఏడాదికి 14,000 యూరోల దాకా ఆ అద్దె మీద పన్ను లేదు, ఆ విద్యార్థికి అద్దెదారు హక్కులూ లేవు.

మాన్షన్ అన్న మాట ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి. లండన్‌లో మాన్షన్ ఫ్లాట్లంటే విక్టోరియా కాలపు ఎర్ర ఇటుక అపార్ట్‌మెంట్లు. టోక్యోలో కాంక్రీటు అపార్ట్‌మెంట్ ఏదైనా మాన్షనే, వారం లెక్కన సామానుతో ఇస్తే వీక్లీ మాన్షన్. చెన్నై ట్రిప్లికేన్‌లో మాన్షన్ అంటే బ్రహ్మచారుల లాడ్జి. ఇరుకు గదిలో ముగ్గురో నలుగురో, వరండా చివర కుళాయి, కింద మెస్సు. ఉద్యోగం వెతుక్కుంటూ మద్రాసు చేరిన కుర్రాళ్ళకు ఆ గదులే ఇళ్ళయ్యాయి.

హైదరాబాద్‌కు వద్దాం. బెంగళూరులో, ఢిల్లీలో, ముంబైలో పీజీ అనేదాన్ని హైదరాబాద్‌లో హాస్టల్ అంటాం. పేయింగ్ గెస్ట్ అంటే ఒక కుటుంబం తన ఇంట్లో ఒక గది ఇచ్చి, తమతో పాటు అన్నం పెట్టే పద్ధతి. ముంబైలో ఇళ్ళు ఇరుకై, అద్దెలు పెరిగి ఆ అలవాటు పాతుకుంది. ఇప్పుడు పీజీలు చాలావరకు ఇంటివాళ్ళు లేని అయిదంతస్తుల భవనాలే. అయినా పేరులో ఆ అతిథి మిగిలాడు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ దారి వేరు. కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి బస్సుల్లో దిగిన పిల్లలకు తెలిసిన మాట హాస్టల్. సోషల్ వెల్ఫేర్ హాస్టల్, కాలేజీ హాస్టల్ వాళ్ళు చూసినవే. కాబట్టి వ్యాపారి కూడా బోర్డు మీద ఎగ్జిక్యూటివ్ మెన్స్ హాస్టల్ అని రాశాడు. ఉద్యోగం వచ్చాక కూడా ఆ పేరు మారలేదు. గచ్చిబౌలిలో మంచి జీతం తీసుకునే ఇంజినీరు కూడా హాస్టల్లోనే ఉంటాడు.

ఎస్సార్ నగర్‌లో అలాంటి ఒక హాస్టల్ మెట్లగది దగ్గర మొన్న పావుగంట నిలబడ్డాను. గోడకు లామినేట్ చేసిన కాగితం. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్, పక్కన అద్దెలు. పొద్దున ఇడ్లీ, ఉప్మా, పూరీ వారాల వారీగా, బుధవారం గుడ్డు, ఆదివారం చికెన్. గీజరు వేళలు. కింద చేత్తో రాసిన మరో వాక్యం: ఖాళీ చేయాలంటే నెలరోజుల ముందు చెప్పాలి. ఒక కుర్రాడు చేతిలో సూట్‌కేసుతో వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, "అన్నా, ఫోర్ షేరింగ్ విత్ ఫుడ్ ఎంత?" ఇల్లు ఎంత అనలేదు, గది ఎంత అనలేదు. ఈ నగరంలో అద్దెకు కొలమానం మంచం. ఎంతమందితో గాలి పంచుకోవాలన్నదే ధర. షేరింగ్ అన్న మాటను ఇలా అంకెతో కలిపి వాడటం హైదరాబాద్, బెంగళూరు ఇంగ్లిష్‌లో ఎంత సహజమైపోయిందంటే, దాన్ని లండన్‌వాడికి విప్పి చెప్పాలంటే ఒక వాక్యం పడుతుంది.

ఇక కుటుంబంతో అద్దె వెతికేవాళ్ళ ప్రశ్నలు వేరు. మెయింటెనెన్స్ కలిపా, విడిగానా? బోరు నీళ్ళేనా, మంజీరా కూడా వస్తుందా? లిఫ్టుకు జనరేటరు ఉందా? లాగోస్‌లో కరెంటు ఎలాగో మనకు నీళ్ళు అలాగ. ఒక నది పేరు పట్టుకుని ఇంటి విలువ అడుగుతాం. బెంగళూరులో అదే స్వరంతో కావేరీ ఉందా అంటారు. ఈ మాటలు ఏ ఇంగ్లిష్ నిఘంటువులోనూ అద్దె మాటలుగా ఉండవు. మన ప్రకటనల్లో మాత్రం ముందు వరసలో ఉంటాయి.

చట్టం మన దగ్గర కూడా ఈ పేర్ల మధ్యకు వచ్చింది. ఇల్లు నివాసానికి అద్దెకిస్తే జీఎస్టీ లేదు, హోటల్ గదికైతే ఉంది. మరి పీజీ ఏమిటి, హాస్టల్ ఏమిటి? విద్యార్థులకు, ఉద్యోగులకు హాస్టల్‌గా నడపడానికి ఇచ్చిన భవనం కూడా నివాసమేనని 2022లో కర్ణాటక హైకోర్టు చెప్పింది. 2023 జూలైలో బెంగళూరులోని అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ, పీజీలు హాస్టళ్ళు నివాస గృహాలు కావు, 12 శాతం పన్ను కట్టాల్సిందే అంది. రెండింటి మధ్య నలిగింది ఫోర్ షేరింగ్ పిల్లలు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం చేసింది: మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు, వరుసగా కనీసం 90 రోజులు ఉండే బసకు పన్ను లేదు. ఈ రూలు పేర్ల జోలికి పోలేదు. పీజీ అన్నా హాస్టల్ అన్నా కో లివింగ్ అన్నా దానికి ఒకటే. ఎంత కట్టాడు, ఎన్నాళ్ళున్నాడు అని రెండే అడిగింది. నేను చూసిన నియమాల్లో ఇంత నేరుగా ఉన్నది ఇదే. వంటిల్లు ఉందా లేదా అని న్యూయార్క్ అడిగిన ప్రశ్న కంటే ఇది న్యాయమైనది. అయినా మొన్నటి నుంచీ బోర్డులు మారుతున్నాయి. అదే భవనం, అదే మెట్లు, అదే ఆదివారం చికెన్, పైన కొత్త అక్షరాల్లో కో లివింగ్. అద్దె పెరిగింది.

ఇంగ్లిష్ నుంచి మనం ఇన్ని మాటలు తెచ్చుకున్నాం, మనం ఇచ్చింది ఏమన్నా ఉందా అంటే, ఉంది. ప్రయాణికుల బసకు ఈస్టిండియా కంపెనీ కాలపు ఇంగ్లిష్‌వాళ్ళు చౌల్ట్రీ అనేవాళ్ళు. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు ఆ మాట పుట్టుక సందేహమేనంటూనే మలయాళ, తెలుగు భాషల చావడిని చూపింది. మన ఊరి చావడి. పగలు పంచాయితీ, రాత్రి బాటసారి పడక. మద్రాసులో కంపెనీ వాళ్ళ కోర్టుకూ చౌల్ట్రీ అనే పేరుండేది. చావడికి ఉన్న రెండు పనులూ ఆ మాటతో వెళ్ళాయి. ఇప్పుడు బెంగళూరు ఇంగ్లిష్‌లో చౌల్ట్రీ అంటే పెళ్ళిళ్ళు చేసే హాలు, మనం దాన్ని ఫంక్షన్ హాల్ అంటున్నాం. మాట బయటికి వెళ్ళి, అర్థం మార్చుకుని, పక్క రాష్ట్రంలో ఆగింది. తిరుమలలో దేవస్థానం గదిని కాటేజీ అంటాం, అది మూడంతస్తుల భవనంలో ఉన్నా. ఇంగ్లిష్‌వాడి కాటేజీ చుట్టూ తోట ఉంటుంది. మన కాటేజీకి ఉన్నది తాళంచెవి కోసం నిలబడే వరస. విడిది అన్న మన మాటకు సాటివచ్చేది నాకు ఇంగ్లిష్‌లో కనబడలేదు. పెళ్ళివారికిచ్చే ఆ ఇంట్లో పక్కలు, వేణ్ణీళ్ళు, ఫలహారాలు, కాఫీలు అన్నీ ఉండాలి. ఏమేం కలిశాయని ఎవరూ అడగరు, అడిగే పరిస్థితి వస్తే అది ఆడపెళ్ళివారికి తలవంపు.

మా అక్క కూతురు చివరికి ఆ బ్రాంప్టన్ గదే తీసుకుంది. బేస్‌మెంట్ గది, హీట్ వాటర్ కలిపి, హైడ్రో విడిగా. ఇంటి మొత్తానికి వచ్చే బిల్లును ఉన్నవాళ్ళంతా సమంగా పంచుకోవాలి. జనవరిలో ఫోన్ చేసింది. పైనుంచి వచ్చే వేడి కిందిదాకా సరిగా చేరడం లేదట, ఇంటివాళ్ళను అడిగితే కలిపే ఇస్తున్నాం కదా అన్నారట. చిన్న రూమ్ హీటరు కొనుక్కుంది. "అది కరెంటుతో నడుస్తుంది పిన్నీ. అంటే హైడ్రోతో." ఆ నెల దాని వాటాకు ఎంత వచ్చిందని అడిగాను. చెప్పింది. నేను డాలర్లను రూపాయల్లోకి మార్చుకుంటుంటే, అవతల ఆ హీటరు కటకటమని ఆగి మళ్ళీ మొదలైన చప్పుడు వినిపించింది.